దండెం మీద మృత్యువు, అటక మీద విషం
తొలకరికి ముందే ఇల్లు ఒకసారి చూసుకోవాలి

వాన అప్పుడే వెలిసింది. మూడు రోజుల ముసురుకు ఆరని బట్టలు ఇంటినిండా ఉన్నాయి. ఇల్లాలు బకెట్టు చంకన పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. తడి చేత్తో ఇనుప దండెం మీద చీర వేసింది. కేక పెట్టే వ్యవధి కూడా లేకపోయింది. ఆమెను లాగబోయిన భర్త కూడా ఆమె పక్కనే పడిపోయాడు.

వానాకాలం వచ్చిందంటే ఇలాంటి వార్త పత్రికల్లో కనిపిస్తూనే ఉంటుంది. ఊరి పేరు మారుతుంది. మనుషుల పేర్లు మారతాయి. దండెం తీగ మాత్రం మారదు.

పల్నాటి పల్లెల్లో పని మీద ఇళ్లలోకి వెళ్లేవారు కొందరున్నారు. మీటరు చూడటానికి విద్యుత్ సిబ్బంది వెళతారు. పొయ్యి చూడటానికి గ్యాసు మెకానిక్ వెళతాడు. నీళ్ల తొట్లలో దోమ పిల్లలు ఉన్నాయేమో చూడటానికి ఆరోగ్య కార్యకర్త వెళుతుంది. గోడ మరమ్మతుకు తాపీమేస్త్రి వెళతాడు. వీరిలో ఎవరిని కదిపినా ఒకే మాట చెబుతారు. ఇల్లు పెంకుటిల్లయినా, డాబా అయినా, రేకుల ఇల్లయినా లోపాలు మాత్రం అవే. చెడిన తీగ, పాత ట్యూబు, మూత లేని గుంత, తాళం లేని మందు డబ్బా. ఇంట్లోవారికి ఇవి తెలియక కాదు. రోజూ కళ్ల ముందే ఉంటాయి కాబట్టి చూపు ఆనదు. 'రేపు చేయిద్దాంలే' అనుకుంటూ ఏళ్లు గడిచిపోతాయి.

సంక్రాంతికి ప్రతి ఇంటికీ సున్నం వేస్తారు. అలుకుతారు, ముగ్గులు పెడతారు. ఇల్లు అందంగా కనపడటానికి ఏటా ఇంత శ్రమ పడే మనం, ఇంట్లో ప్రాణాలు నిలవటానికి ఏటా ఒక్క పూట కేటాయించలేమా?

లావు తీగ చేసే మోసం

ముందు దండెం సంగతే చూద్దాం. పెరట్లో దండేనికి ఒక కొస రేకుల పంచ ఇనుప గుంజకు కడతారు. రెండో కొస గోడకున్న మేకుకో, ఇనుప గొట్టానికో కడతారు. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు తీగ ఆ రేకుల అంచు మీదుగానే పోతుంది. గాలికి తీగ ఊగుతుంది. ఊగినప్పుడల్లా రేకు అంచుకు రాసుకుంటుంది. కొన్నేళ్లకు తీగ మీది తొడుగు అరిగిపోయి లోపలి లోహం బయటపడుతుంది. ఎండాకాలంలో ఏమీ కాకపోవచ్చు. వాన పడి అంతా తడిసినప్పుడు కరెంటు రేకులకు, రేకుల నుంచి గుంజకు, గుంజ నుంచి దండేనికి పాకుతుంది. ఆ సమయంలో తడి నేల మీద ఉత్త కాళ్లతో నిలబడి దండేన్ని ముట్టుకున్న మనిషి కరెంటుకు దారి అవుతాడు.

మరి ఫ్యూజు ఎందుకు పోదు? చాలామంది అడిగే ప్రశ్న ఇది. దీనికి జవాబు తెలిస్తే సగం ప్రమాదాలు తప్పుతాయి.

ఇంటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. తడిసిన మనిషి ఒంట్లోంచి పోయే కరెంటు ఆంపియరులో నాలుగో వంతు కూడా ఉండదు. గుండె ఆగటానికి అంతకంటే తక్కువే చాలు. ఫ్యూజు గానీ, ఇప్పుడు ఇళ్లలో పెడుతున్న ఎమ్‌సీబీ గానీ తెగాలంటే ఐదో, పదో ఆంపియర్లు దాటాలి. అంటే ఫ్యూజు కాపాడేది తీగలను. తీగలు వేడెక్కి ఇల్లు అంటుకోకుండా చూడటమే దాని పని. మనిషిని కాపాడటం దాని పని కాదు.

కనీసం ఆ పని కూడా దాన్ని చేయనివ్వటం లేదు.

"ఫ్యూజులో ఇంత లావు తీగ వేశావేంటి బాబాయ్?" అని లైన్‌మన్ అడుగుతాడు.

"సన్న తీగ వేస్తే మాటిమాటికీ పోతా ఉందయ్యా" అంటాడు రైతు.

"పోవటానికేగా అది ఉంది!"

ప్రతి ఊళ్లోనూ వినపడే సంభాషణే ఇది. మాటిమాటికీ ఫ్యూజు పోతోందంటే ఇంట్లో ఎక్కడో లోపం ఉందని అది చెబుతున్నట్లు లెక్క. లావు తీగ వేయటమంటే చెప్పేవాడి నోరు నొక్కటమే.

మనిషిని కాపాడే పరికరం వేరే ఉంది. దాన్ని ఆర్‌సీసీబీ అంటారు. ఇంట్లోకి పోయిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అని అది ఎప్పుడూ పోల్చి చూస్తూ ఉంటుంది. కొంత కరెంటు దారి తప్పి మనిషి ఒంట్లోంచో, తడి గోడలోంచో నేలలోకి పోతే లెక్క తేడా వస్తుంది. ఆ తేడా 30 మిల్లీ ఆంపియర్లకు, అంటే ఆంపియరులో వెయ్యింట 30 వంతులకు చేరేసరికి రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది. ఇళ్లకు 30 మిల్లీ ఆంపియర్లదే కావాలని దుకాణంలో అడిగి తీసుకోవాలి. తెలిసిన ఎలక్ట్రీషియన్ చేత మీటరు తర్వాత బిగించుకోవాలి. దాని మీద చిన్న మీట ఉంటుంది. నెలకోసారి దాన్ని నొక్కి చూడాలి. నొక్కగానే కరెంటు పోతే అది పనిచేస్తున్నట్లు.

ఆర్‌సీసీబీ బిగించేలోగా ఇప్పటికిప్పుడు చేయదగిన పని ఒకటుంది. ఇనుప దండెం విప్పేసి నైలాను తాడు కట్టటం. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సర్వీసు తీగ రేకులకు తగులుతుంటే మాత్రం సొంతంగా ముట్టుకోకూడదు. 1912 నంబరుకు ఫోను చేసి విద్యుత్ సిబ్బందికి చెప్పాలి.

నల్లరేగడిలో ఎర్తు

ఎర్తు గురించి అడిగితే చాలామంది 'ఉందండీ' అంటారు. ఇల్లు కట్టినప్పుడు గొట్టం పాతారు, నిజమే. ఆ తర్వాత దాన్ని చూసినవారు లేరు. తీగ తుప్పు పట్టి ఊడిపోయినా తెలియదు. కొన్ని ఇళ్లలో ఎర్తు గుంత మీదనే బండ పరిచేశారు.

పల్నాడులో చాలా ఊళ్లది నల్లరేగడి నేల. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. వేసవిలో ఎర్తు గొట్టం చుట్టూ నేల విడిపోయి సందు ఏర్పడుతుంది. మట్టి అంటుకోని గొట్టం ఉన్నా లేనట్లే. అందుకే గొట్టం చుట్టూ ఉప్పు, బొగ్గు వేస్తారు. అందుకే వేసవిలో వారానికోసారయినా ఎర్తు గుంతలో బిందెడు నీళ్లు పోయాలని చెబుతారు. గొట్టం కనీసం రెండున్నర మీటర్ల పొడవుండాలి. రెండడుగుల ఇనుప ముక్క దిగ్గొట్టి ఎర్తు అనుకుంటే మోసపోయినట్లే.

ఎర్తు ఎంత బాగున్నా ప్లగ్గులో మూడో పిన్ను విరగ్గొడితే లాభం లేదు. మూడు పిన్నుల ప్లగ్గు రెండు రంధ్రాల బోర్డులో పట్టలేదని పిన్ను తీసేయటం పల్లెల్లో మామూలైపోయింది. కూలరు, ఫ్రిజ్, గ్రైండరు, బట్టలుతికే యంత్రం, ఇవన్నీ ఇనుప ఒళ్లున్నవి. వీటికి మూడో పిన్నే ప్రాణం. కూలరు తొట్టిలో నీళ్లు పోసేటప్పుడు ప్లగ్గు తీసేయాలి. నీళ్లు కాచే హీటరు రాడ్డును ఇనుప బకెట్టులో వేయరాదు. రాడ్డు ఆపి, ప్లగ్గు తీసిన తర్వాతే నీళ్లలో వేలు పెట్టాలి. స్నానానికి పోయే తొందరలో వేడి ఎంతయిందో చూద్దామని వేలు ముంచి ప్రాణాలు పోగొట్టుకున్నవారున్నారు.

బోరు మోటారు స్టార్టరు డబ్బా చాలా చోట్ల వానకు తడిసేలా ఉంటుంది. దాని మూత ఊడి ఉంటుంది. దాన్ని ఉత్త కాళ్లతో, తడి చేత్తో నొక్కటం అలవాటు. దానిపైన చిన్న రేకు కప్పు, కింద ఎండిన చెక్క పలక, కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి. ఇవి ఖర్చుతో కూడిన పనులు కావు.

ఎవరికైనా కరెంటు తగిలితే మనిషిని చేత్తో పట్టి లాగరాదు. ముందు మెయిను ఆపాలి. మెయిను దూరంలో ఉంటే పొడి నేల మీద నిలబడి, ఎండిన కర్రతో తీగను పక్కకు నెట్టాలి. ఊపిరి లేకపోతే 108కి ఫోను చేయించి, రొమ్ము నడుమ రెండు చేతులూ ఆనించి నిమిషానికి నూరుసార్లకు తగ్గకుండా గట్టిగా అదుముతూ ఉండాలి. వైద్య సిబ్బంది వచ్చేదాకా ఆపకూడదు.

పెళ్లినాటి ట్యూబు

ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చింది. 2016లో కేంద్రం ఉజ్వల తెచ్చింది. పొగ తగ్గింది. ఆడవారి కళ్ల మంటలు తగ్గాయి. కానీ గ్యాసు వచ్చిన ఇళ్లన్నింటికీ దాన్ని వాడే జాగ్రత్తలు రాలేదు.

"ఈ ట్యూబు ఎప్పుడు మార్చారమ్మా?" అని మెకానిక్ అడుగుతాడు.

"పొయ్యితోపాటే వచ్చింది నాయనా. బాగానే ఉందిగా?"

"పొయ్యి ఎప్పుడు వచ్చింది?"

"మా చిన్నోడు కడుపున పడ్డప్పుడు."

చిన్నోడు ఇప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్నాడు.

ఐఎస్ఐ ముద్ర ఉన్న సురక్షా ట్యూబు గడువు ఐదేళ్లు. ఆ తర్వాత పైకి బాగున్నా మార్చేయాలి. ట్యూబు మీదనే గడువు ముద్రించి ఉంటుంది. బజారులో దొరికే మామూలు రబ్బరు ట్యూబులను ఎలుకలు కొరుకుతాయి. ధాన్యం, పత్తి నిల్వ ఉన్న ఇళ్లలో ఎలుకల బెడద ఎలాగూ ఉంటుంది. ట్యూబుకు గుడ్డ చుట్టి దాచిపెట్టరాదు. పగులు కనిపించకుండా పోతుంది.

సిలిండరు నిలువుగా ఉండాలి. పొయ్యి దానికంటే ఎత్తు మీద ఉండాలి. ఇప్పటికీ చాలా ఇళ్లలో గ్యాసు పక్కనే కట్టెల పొయ్యి కనిపిస్తుంది. ఒకే గదిలో రెండూ ఉండరాదు. గ్యాసు గాలి కంటే బరువైనది. లీకయితే పైకి పోదు, నేల మీద పరుచుకుంటుంది. పక్కనున్న కట్టెల పొయ్యిలో నివురు కింది నిప్పు దానికి చాలు.

వాసన వస్తే రెగ్యులేటరు కట్టేయాలి. తలుపులు, కిటికీలు తెరవాలి. లైటు వేయరాదు. వెలుగుతున్న లైటు ఆర్పరాదు. స్విచ్చి ఎటు తిప్పినా లోపల నిప్పురవ్వ పుడుతుంది. ఇంట్లోవారంతా బయటికి వచ్చి 1906 నంబరుకు ఫోను చేయాలి. ఈ నంబరు రాత్రింబవళ్లు పనిచేస్తుంది.

కొత్త సిలిండరు తెచ్చినప్పుడు చూడాల్సింది ఒకటుంది. పైన పట్టీ లోపలి వైపు ఒక అక్షరం, రెండు అంకెలు ఉంటాయి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అంకెలు సంవత్సరానివి. ఆ గడువులోగా సిలిండరును మళ్లీ పరీక్షించాలి. గడువు దాటిన సిలిండరు ఇస్తే తీసుకోనక్కర్లేదు.

అటక మీద విషం

పత్తి, మిరప పండించే ప్రాంతమిది. పురుగు మందు లేని రైతు ఇల్లు అరుదు. మందు ఎక్కడ పెడతారు? అటక మీద, మంచం కింద, గాదె పక్కన, ఒక్కోసారి వంటింటి గూట్లో. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి పెడతారు. ఎండన పడి ఆడుకుని వచ్చిన పిల్లవాడికి సీసాయే కనపడుతుంది, విషం కనపడదు.

మందు డబ్బా మీద రంగు గుర్తు ఉంటుంది. ఎరుపు గుర్తున్నవి అన్నిటికంటే ప్రమాదకరం. తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. చదువురాని వారికి కూడా తెలియాలనే ఈ ఏర్పాటు చేశారు. మందును వేరే సీసాలో పోస్తే ఆ గుర్తు పోయినట్లే. అందుకే ఏ మందు డబ్బాలో ఆ మందే ఉండాలి. ఇంటి బయట చెక్కపెట్టెలోనో, పాకలోనో పెట్టి తాళం వేయాలి.

తాళం వేయమనటానికి ఇంకో కారణం కూడా ఉంది. అప్పుల బాధతోనో, ఇంట్లో మాటా మాటా పెరిగో క్షణికావేశంలో మందు తాగేవారు పల్లెల్లో ఎందరో. ఆ క్షణంలో చేతికందే దూరంలో డబ్బా లేకపోతే, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంటే ఆ ఆవేశం చల్లారే వ్యవధి దొరుకుతుంది. బతికి బయటపడిన వారిలో చాలామంది తర్వాత బాధపడేది ఆ ఒక్క క్షణం గురించే. మనసు బాగాలేనప్పుడు 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడి ధైర్యం చెబుతారు. దీనికి డబ్బు కట్టనక్కర్లేదు.

ధాన్యంలో పురుగు పట్టకుండా పెట్టే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలది మరో కథ. తేమ తగిలితే వాటి నుంచి విషవాయువు వస్తుంది. బస్తాలున్న గదిలో పడుకున్నవారికే కాదు, పక్క గదిలో ఉన్నవారికీ అది ప్రాణాంతకమే. దీనికి విరుగుడు మందు లేదు. మనుషులు పడుకునే ఇంట్లో ఈ బిళ్లలు అసలు వాడరాదు.

2011లో సుప్రీంకోర్టు ఎండోసల్ఫాన్‌ను ఆపించింది. అలాంటి పాత మందుల డబ్బాలు ఇంకా అటకల మీద ఉండవచ్చు. ఒకసారి దించి చూడాలి. ఖాళీ డబ్బాలను కడిగి నీళ్లకో, పప్పుకో వాడటం మహా ప్రమాదం. ఎవరైనా మందు మింగితే బలవంతంగా వాంతి చేయించకుండా, ఒంటి మీద పడిన మందును సబ్బుతో కడిగి, వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి. డబ్బా కూడా వెంట తీసుకుపోవాలి. ఏ మందో తెలిస్తే డాక్టరుకు సగం పని తప్పుతుంది.

కట్టెల మోపులో కట్లపాము

పత్తి తీతలు అయ్యాక పత్తి కట్టె తెచ్చి ఇంటి గోడకు ఆనించి మోపులు వేస్తారు. ఏడాది పొడవునా పొయ్యిలోకి అదే. ఆ మోపులోకి ఎలుక చేరుతుంది. ఎలుక వెనక పాము చేరుతుంది. మిగిలిపోయిన నాపరాళ్ల దొంతరలు, ఇటుకల కుప్పలు, పశువుల కొట్టం కూడా అంతే.

కట్లపాము రాత్రిళ్లు తిరుగుతుంది. నేల మీద పడుకున్నవారిని నిద్రలోనే కాటేస్తుంది. ఆ కాటు నొప్పి పుట్టకపోవచ్చు, గాటు కూడా కనిపించకపోవచ్చు. తెల్లవారుజామున కడుపు నొప్పి అంటారు. రెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, మింగుడు పడదు. కడుపునొప్పి మాత్ర వేసి ఊరుకుంటే ప్రాణం పోతుంది. మంచం మీద దోమతెర కట్టి, దాని అంచులు పరుపు కిందికి దోపి పడుకుంటే పాము, తేలు, దోమ మూడింటి బాధా తప్పుతుంది. రాత్రి బయటికి పోయేటప్పుడు చేతిలో టార్చి, కాళ్లకు చెప్పులు ఉండాలి.

కాటు పడితే కోయరాదు, పీల్చరాదు, తాడుతో బిగించి కట్టరాదు. కాటు పడిన కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి, 108లో ఆస్పత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటి విషానికీ ఒకే విరుగుడు సూది మందు ఉంది. మంత్రగాడి దగ్గర గడిచే ప్రతి గంటా ఆ మందు బలాన్ని తగ్గించేదే. కట్టెల మోపును ఇంటికి పది గజాల దూరంగా, నేలకు అడుగు ఎత్తున రాళ్ల మీద పేర్చటం ఉత్తమం.

పత్తి ధర పెరుగుతుందేమోనని బస్తాలు, బోరేలు ఇంట్లోనే నిల్వ పెట్టేవారున్నారు. ఆ గదిలో దోమల చుట్ట వెలిగించరాదు. బీడీ కాల్చరాదు. సెల్‌ఫోను, కరెంటు బండి బ్యాటరీ చార్జింగు పెట్టరాదు. పత్తికి నిప్పంటుకుంటే ఆర్పటం ఎవరి తరమూ కాదు. ఒంటి మీద మంట అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి, లేదా మందపాటి దుప్పటి కప్పాలి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లని నీళ్లు పోయాలి. సిరా, నెయ్యి, పళ్లపొడి రాయటం పుండును పెంచటమే.

పగులు చెప్పే మాట

నల్లరేగడి ఎర్తునే కాదు, గోడనూ వదలదు. పునాది లోతు చాలకపోతే ఏటా నేల ఉబ్బి కుంగినప్పుడు గోడ కూడా కదులుతుంది. సన్నటి గీతలాంటి పగులుకు భయపడనక్కర్లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే పగులు, చిటికెనవేలు దూరేంత పగులు, హఠాత్తుగా పట్టేసే తలుపు, ఇవి మాత్రం హెచ్చరికలు. తాపీమేస్త్రులు చేసే ఒక పని ఎవరైనా చేయవచ్చు. పగులుకు అడ్డంగా కాస్త సిమెంటు పూసి పక్కన తేదీ రాయాలి. రెండు మూడు నెలల్లో ఆ సిమెంటు చిట్లితే గోడ ఇంకా కదులుతోందన్నమాట.

మట్టి గోడలు, బురద మట్టితో కట్టిన రాతి గోడలు ముసురుకు నాని ఒక్కసారిగా కూలతాయి. ఎక్కువగా కూలేది రాత్రిపూటే, మనుషులు పడుకున్నప్పుడే. చూరు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా కాలువ తీయాలి. కుళాయి మురుగు పునాది పక్కన ఇంకనీయరాదు. ముసురు పట్టినప్పుడు అలాంటి గోడ పక్కన మంచం వేయరాదు. పాత మిద్దెల దూలాలను కర్రతో తట్టి చూడాలి. బోలుగా మోగితే చెద తినేసినట్లే. డాబా ఇళ్లలో స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు కనిపిస్తుంటే పైన సున్నం కొట్టి దాచితే సరిపోదు. లోపల చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతోంది. స్లాబు మీద నీరు ఎక్కడ నిలుస్తోందో చూసి ముందు దాన్ని ఆపాలి.

మూత లేని గుంత

2017 ఆగస్టులో వినుకొండ ప్రాంతంలో రెండేళ్ల బాలుడు బోరు గుంతలో పడ్డాడు. జాతీయ విపత్తు దళం వారు రాత్రంతా తవ్వి ప్రాణాలతో బయటికి తీశారు. జిల్లా అంతా ఊపిరి బిగబట్టి చూసిన రాత్రి అది. ఆ బిడ్డ అదృష్టవంతుడు. అందరికీ ఆ అదృష్టం ఉండదు. నీళ్లు పడని బోరును మట్టితో పైదాకా పూడ్చాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. గోనె సంచి కప్పి రాయి పెట్టడం మూత కాదు.

మరుగుదొడ్డి గుంత, నీళ్ల సంపు, పాడుబడ్డ బావి, ధాన్యం పాతర, వీటిలోకి మనిషి దిగటం మరీ ప్రమాదం. లోపల ప్రాణవాయువు ఉండకపోవచ్చు, విషవాయువు ఉండవచ్చు. ఒకడు దిగి పడిపోతాడు. వాడిని తీద్దామని అన్న దిగుతాడు. ఇద్దరినీ చూసి మూడోవాడు దిగుతాడు. ఒకే ఇంట్లో ముగ్గురు పోయిన సంఘటనలు దేశంలో ఎన్నో. బావిలో లాంతరు దించినప్పుడు ఆరిపోతే గాలి లేదని అర్థం. ఆరకపోయినంత మాత్రాన విషవాయువు లేదని కాదు. మరుగుదొడ్డి గుంతలో దీపం దించనే రాదు. లోపలి వాయువు అంటుకుంటుంది. దాన్ని యంత్రం లారీతోనే తీయించాలి. మనుషులను దించటాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది.

నీళ్ల తొట్లు, గోళేలు వారానికోసారి పూర్తిగా వంచి, తోమి, ఎండబెట్టాలి. డెంగీ దోమ మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావటానికి వారం పది రోజులు చాలు.

ఒక్క పూట పని

రోహిణి కార్తె ఎండలకు పొలం పనులు ఉండవు. మృగశిరకు ముందు, తొలకరి పడకముందు ఒక ఉదయం ఇంటిల్లిపాదీ కలిసి ఇల్లంతా తిరిగి చూడవచ్చు. ఇనుప దండెం విప్పాలి. ఎర్తు గుంతలో నీళ్లు పోయాలి. ట్యూబు మీద గడువు చదవాలి. ఆ పని బడిపిల్లలు చేయగలరు. మందు డబ్బాలు అటక దించి తాళం వేయాలి. మోపు జరపాలి. పగులు పక్కన తేదీ రాయాలి. గుంతకు మూత వేయాలి. 108, 1912, 1906 నంబర్లను తలుపు వెనక సుద్దతో పెద్దగా రాయాలి.

వీటిలో డబ్బు ఖర్చయ్యేవి ఆర్‌సీసీబీ, గ్యాసు ట్యూబు. మిగిలినవి ఒంటి శ్రమతో అయ్యేవే. చేతులు కాలాక ఆకులు పట్టుకునే అలవాటు మనది. దండెం దగ్గర మాత్రం ఆకులు పట్టుకునే వ్యవధి కూడా ఉండదు.